చెవి మిషన్లు ఇస్తారట, టీచరు జీతం ఇవ్వరట: ఫౌండేషన్ గ్రాంట్లు ఇలాగే ఉంటాయా?

మాటలబడి
మాది వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం నడుపుతున్న చిన్న సెంటరు. ముప్పై నాలుగు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, వారానికి రెండు రోజులు వచ్చే ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్ష చేసే నిపుణుడు. పోయినేడు ఒక కుటుంబ ఫౌండేషన్‌కి (పేరు వద్దులెండి) అప్లికేషన్ పెట్టాం. అడిగింది టీచర్ల జీతాలు, ఆడియాలజిస్టు ఫీజు, చెవి అచ్చులకు కొంత. వచ్చింది నలభై చెవి మిషన్లు. పిల్లలేమో ముప్పై నాలుగు మంది!

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. చెవి వెనక పెట్టుకునే మిషన్‌కి, చెవి లోపల సరిగ్గా కూర్చునే అచ్చు ఒకటి ఉండాలి, మౌల్డ్ అంటారు. పిల్లలు ఎదిగేకొద్దీ చెవీ ఎదుగుతుంది, చిన్నపిల్లలకైతే కొన్ని నెలలకే అచ్చు వదులైపోతుంది. వదులైతే మిషన్ కీచుమంటుంది. నిన్న క్లాసులో ఏడేళ్ల పాప విసుగొచ్చి మిషన్ పీకి పెన్సిల్ బాక్సులో పడేసింది. మూత పెట్టినా బాక్సులోంచి కూత వస్తూనే ఉంది. ఆ అచ్చులకే డబ్బు లేదు మా దగ్గర.

ఇంకో బాధ. ఫారంలో మూడు గడులు: విద్య, ఆరోగ్యం, వైకల్యం. ఒక్కటే టిక్కు పెట్టాలి. మా పిల్లలు మూడింట్లోనూ ఉన్నారు. విద్య పెడితే "మేము మామూలు బడులకే ఇస్తాం" అన్నారు, ఆరోగ్యం పెడితే "మీది ఆసుపత్రి కాదు కదా" అన్నారు. చివరికి వైకల్యం పెట్టాం, మిషన్లు వచ్చాయి. అందరికీ ఇంతేనా? మేమే ఎక్కడో తప్పు చేశామా?

గట్టుమీద
మిగిలిన ఆరు మిషన్లూ ట్రస్టీలకు పెట్టండి. అప్పుడైనా మీరు చెప్పేది వినబడుతుంది.

మాటలబడి
నవ్వొచ్చింది గానీ, స్టాకు రిజిస్టర్‌లో ఆ ఆరు ఎవరికిచ్చామో రాయాలి. ఈ నెలాఖరుకి రిపోర్టు.

రెండుచక్రాలు
మా దగ్గర వీల్‌చైర్లతో ఇదే కథ. నేను పద్నాలుగేళ్లుగా వీల్‌చైర్‌లో ఉన్నాను, ఇలాంటి పంపిణీ సభలకు ఎన్నిసార్లు పిలిచారో లెక్కలేదు. ఒకసారి అన్నీ ఒకే సైజువి వచ్చాయి, పెద్దవాళ్ల సైజు. సన్నటి పదకొండేళ్ల పిల్లాణ్ణి అందులో కూర్చోబెట్టారు. ఇటు ఒక మనిషి, అటు ఒక మనిషి పట్టేంత ఖాళీ. కాళ్లు ఫుట్‌రెస్టుకి అందక గాల్లో వేలాడుతున్నాయి. సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, ఫొటోలో కొత్తగా కనపడాలని కాబోలు. అలాంటి కుర్చీలో రోజంతా ఒకవైపుకి ఒరిగి కూర్చుంటే వెన్ను వంకర పోతుంది, ఒరుసుకున్నచోట పుండ్లు పడతాయి. కుర్చీ లేకపోవడం కన్నా అది ప్రమాదం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వీల్‌చైర్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఎనిమిది మెట్లు ఉన్నాయి. మనిషిని సరైన చోటికి పంపడం, కొలతలు తీసి అవసరం చూడటం, ఎలాంటి కుర్చీ కావాలో రాయడం, డబ్బు చూసి ఆర్డరు పెట్టడం, కుర్చీ సిద్ధం చేయడం, కూర్చోబెట్టి సరిచేయడం, వాడటం నేర్పడం, ఆ తర్వాత రిపేర్లూ మళ్లీ చూడటమూ. వీళ్లు నాలుగో మెట్టు దగ్గర చెక్కు రాసి, అక్కడినుంచి ఎగిరి ఫొటో దగ్గర దిగుతారు.

పాతఫైలు
నేను ఒక కుటుంబ ఫౌండేషన్‌లో తొమ్మిదేళ్లు ప్రోగ్రామ్ ఆఫీసరుగా చేశాను, ఇప్పుడు బయటే ఉన్నాను. తిట్టేముందు అటువైపు ఏం జరుగుతుందో కూడా వినండి.

ఆఫీసులో మేం ఇద్దరం. ట్రస్టీలు ఏడాదికి రెండుసార్లు కూర్చుంటారు. అంటే అన్నదమ్ములు, ఒక కోడలు, ఒక ఆడిటరు, కుటుంబానికి పాతకాలం నుంచి తెలిసిన డాక్టరు ఒకాయన. వచ్చిన అప్లికేషన్లన్నీ ఒక్కోటి ఒక్క పేజీకి కుదించి వాళ్ల ముందు పెట్టాలి, ఒక్కోదానికి పట్టున అయిదు నిమిషాలు కూడా దొరకవు. మిషన్ అంటే అందరికీ అర్థమవుతుంది. "భాషాభివృద్ధి సహాయం" అని రాస్తే డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు.

జీతాలంటే భయానికి కారణం వేరు. ఒకసారి జీతం మొదలుపెడితే ఆపడం కష్టం. మూడేళ్ల తర్వాత మేం తప్పుకుంటే టీచరు పోతుంది, పిల్లలు రోడ్డున పడతారు, చెడ్డపేరు మాకు. మిషన్ ఇస్తే ఇచ్చినట్టు, అయిపోయినట్టు.

లెక్కలపుస్తకం
పాతఫైలు గారూ, ఇచ్చినట్టు అయిపోయేది మీకు. అచ్చు, బ్యాటరీ, సర్వీసు ఖర్చు వాళ్ల నెత్తిన పడుతుంది. ఉచితంగా వచ్చిన ఏనుగు కూడా మేత అడుగుతుందండీ.

పాతఫైలు
ఒప్పుకుంటాను. వస్తువుకి ఫొటో ఉంటుంది, జీతానికి ఫొటో లేదు. తొమ్మిదేళ్లలో నేను నేర్చుకున్నది ఆ ఒక్క ముక్కే.

చిన్నోడి_అమ్మ
మా బాబుకి మూడేళ్లు వచ్చాకే తెలిసింది వినపడదని. పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా సాయం మొదలు కావాలని డాక్టర్లు అంటారట, ఒకటి మూడు ఆరు అని. మాకు ఆ మూడూ దాటిపోయాయి. సరే, ఒక సెంటర్లో చేర్చాం. అక్కడి టీచరమ్మ ఓపిక ఎంతని చెప్పను. ఎనిమిది నెలలకు వాడు మొదటిసారి తనంతట తాను ఏదో అడిగాడు. నీళ్లు కావాలని కాదు, అది ముందునుంచీ చూపించేవాడు. "నాన్న ఎప్పుడొస్తాడు" అని అడిగాడు. ఇంట్లో లేని మనిషి గురించి అడగడం అదే మొదలు. పదకొండో నెలలో గ్రాంటు ఏడాది అయిపోయిందని టీచరమ్మని తీసేశారు. రిపోర్టులో మా బాబు ఫొటో ఉంది, "లక్ష్యం చేరుకున్నాం" అని రాశారు.

మాటలబడి
అమ్మగారూ, మీ పోస్టు మా టీచర్లకు చదివి వినిపించాను. ఒకావిడ లేచి బయటికి వెళ్లిపోయింది.

గట్టుమీద
ఈసారి జోకు లేదు.

సైగలోకం
నేను పుట్టుకతో చెవిటివాణ్ణి. "వినికిడి లోపం" అని మెత్తగా అనక్కర్లేదు, నాకు ఆ మాటతో ఇబ్బంది లేదు. ఇక్కడ అందరూ మిషన్, అచ్చు, మాట అంటున్నారు. సైగల భాష అని ఒక్కరైనా అన్నారా? మాటలబడి గారూ, మీ ఇద్దరు టీచర్లలో చెవిటివాళ్లు ఎందరు?

డబ్బిచ్చేవాడి ఇష్టం పిల్లల భాషని మార్చేసిన చరిత్ర మాకుంది. 1880లో మిలాన్‌లో చెవిటి పిల్లల టీచర్ల మహాసభ జరిగింది, బడుల్లో సైగల కన్నా నోటిమాటకే పెద్దపీట వేయాలని తీర్మానించారు. టెలిఫోన్ గ్రహంబెల్ కూడా ఆ పక్షమే. తన సంపాదనతో 1887లో వాషింగ్టన్‌లో వోల్టా బ్యూరో పెట్టాడు, నోటిమాట పద్ధతి ప్రచారానికి అది పెద్ద దన్ను అయింది. ఎక్కువ మంది చెవిటి పిల్లలు బడిలో చేతులు కట్టుకుని పెరిగారు. 2010లో వాంకూవర్‌లో అదే పరంపర మహాసభ కూర్చుని పాత తీర్మానాలను తిరస్కరించి విచారం వెలిబుచ్చింది. నూట ముప్పై ఏళ్లు పట్టింది ఆ ఒక్క మాటకి.

స్వరం
నేను స్పీచ్ థెరపిస్టుని. సైగలోకం గారి కోపం అర్థమవుతుంది గానీ మిషన్‌తో బాగా వినగలిగే పిల్లలు కూడా ఉన్నారండీ, వాళ్లకి అది కావాలి. రెండూ నేర్పితే నష్టం ఏముంది? మా చిక్కల్లా, థెరపీ గంటకి పద్దు దొరుకుతుంది (అదీ అతి కష్టం మీద), సైగల టీచరుకి దొరకదు. ఒకటి వైద్యంలా, రెండోది సరదాగా కనపడుతుంది ఇచ్చేవాళ్లకి.

సైగలోకం
"రెండూ" అని చెప్పేవాళ్లందరూ బడ్జెట్ దగ్గరికొచ్చేసరికి ఒకటే రాస్తారు.

మాటలబడి
సైగలోకం గారూ, సూటిగా అడిగారు కాబట్టి సూటిగా చెప్తా. ఒక్కరూ లేరు. ఒకమ్మాయిని తీసుకోవాలనుకున్నాం, చాలా బాగా చెప్తుంది, పిల్లలు ఆమె చుట్టూ తిరిగేవాళ్లు. జీతం దగ్గరే ఆగింది.

నిదానం
పాతఫైలు గారి "తప్పుకుంటే ఎలా" అన్న ప్రశ్నకు పాత జవాబు ఒకటుంది. అమెరికాలో జూలియస్ రోజెన్‌వాల్డ్ అనే వ్యాపారి 1917లో తన కుటుంబం పేరు మీద నిధి పెట్టాడు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5,000 బడులు కట్టడానికి సాయం చేశాడు. పూర్తి ఖర్చు మాత్రం ఎక్కడా పెట్టలేదు. ఊరివాళ్లు కొంత వేసుకోవాలి, స్థానిక ప్రభుత్వం కొంత పెట్టి బడిని తన కింద నడపాలి. అంటే మొదటిరోజే ప్రభుత్వాన్ని కూడా రంగంలోకి దించాడన్నమాట. నిధి శాశ్వతంగా ఉండటం కూడా ఇష్టం లేదాయనకి, తను పోయాక పాతికేళ్లలో అంతా ఖర్చయిపోవాలని షరతు పెట్టాడు. ఆయన 1932లో పోయాడు, నిధి 1948లోనే మూతపడింది.

తప్పుకోవడం తప్పు కాదు. తలుపు దగ్గర ఎవరినైనా నిలబెట్టి తప్పుకోవాలి.

లెక్కలపుస్తకం
మంచి ఉదాహరణే గానీ, ఆ షరతు వల్ల పేద ఊళ్లవాళ్లు అటు పన్నులు కట్టి, ఇటు మళ్లీ చందాలూ వేసుకున్నారు. రెండుసార్లు చెల్లించారు. మ్యాచింగ్ గ్రాంట్ (మీరు కొంత వేస్తేనే మేం కొంత ఇస్తాం అనేది) అనగానే చప్పట్లు కొట్టకండి.

నిదానం
కొట్టలేదు. కొట్టబోతుంటే మీరొచ్చారు.

మూడోతరం
ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మాది అటువైపు ఇల్లు. తాతగారు పెట్టిన ఫౌండేషన్, నేను ట్రస్టీల్లో ఒకదాన్ని, అందరికన్నా చిన్నదాన్ని. మా అత్తయ్యకి పుట్టుకతో బుద్ధిమాంద్యం, ఆమె కోసమే ఇది మొదలైంది. అమెరికా అధ్యక్షుడు కెనడీ ఇంట్లో జరిగింది కూడా ఇలాంటిదే కదా. మేధోవైకల్యం ఉన్న రోజ్‌మేరీ కెనడీ పుట్టిన ఆ ఇంట్లో 1946లో ఫౌండేషన్ పెట్టారు, తర్వాత ఆమె చెల్లెలు యూనిస్ దాన్ని మేధోవైకల్యం వైపు తిప్పింది, 1968లో స్పెషల్ ఒలింపిక్స్ మొదలుపెట్టింది.

మా ఇంట్లో మటుకు అత్తయ్య పోయాక అందరూ తలో దారి. బాబాయికి గుండె ఆపరేషన్లు కావాలి, అన్నయ్యకి కోడింగ్ క్లాసులు. మూడు గడుల ఫారం ఎందుకుందో తెలుసా? పిల్లల అవసరం చూసి పెట్టింది కాదది. ముగ్గురు ట్రస్టీలకు మూడు గడులు! ఎవరి గడి వాళ్లది. ఒకరి గడిలోంచి ఇంకొకరి గడిలోకి డబ్బు కదిపితే పండక్కి మాటలుండవు.

గట్టుమీద
ఇన్నాళ్లూ ఆ గడుల వెనక పెద్ద సిద్ధాంతం ఉందనుకున్నాను. ఆస్తి పంపకాలా!

పాతఫైలు
మూడోతరం గారు చెప్పింది అక్షరాలా నిజం. మేం ఒక ప్రపోజల్ని రెండు ముక్కలు చేసి ఇద్దరు అన్నదమ్ములకు చెరోటి చూపించిన రోజులున్నాయి.

రెండుచక్రాలు
మూడోతరం గారూ, మీ ట్రస్టీల్లో వైకల్యం ఉన్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? "మా గురించి, మేము లేకుండా ఏదీ వద్దు" అని ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నాం. అమెరికాలోని ఫోర్డ్ ఫౌండేషన్ అంతటిది 2015లో ఇకనుంచి అసమానతల మీదే పనిచేస్తామని ప్రకటించి, వైకల్యం ఊసే మర్చిపోయింది. వికలాంగులు నిలదీస్తే, మర్చిపోయామని ఆ మరుసటేడు అప్పటి అధ్యక్షుడు డారెన్ వాకర్ బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఇప్పుడది కుటుంబ ఫౌండేషన్ కాదు, తెలుసు. అయినా ఒప్పుకోవడం చూసి నేర్చుకోవచ్చు.

మూడోతరం
ఒక్కరూ లేరు. అత్తయ్య బతికున్నప్పుడు మీటింగుల్లో కూర్చునేది. నచ్చకపోతే లేచి లైటు ఆపేసేది. ఆ రోజుల్లోనే మంచి నిర్ణయాలు జరిగాయని అమ్మ అంటుంది.

ఆరుచుక్కలు
నాకు చూపు లేదు. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదువుతూ రాస్తున్నాను. వైకల్య గ్రాంటు కోసం ఒక ఫౌండేషన్ వెబ్‌సైట్లో అప్లికేషన్ నింపుతుంటే ఏం జరిగిందో వినండి. గడుల పేర్లు రీడర్‌కి అందవు, "ఎడిట్, ఎడిట్, ఎడిట్" అని మాత్రం చదువుతుంది. ఎలాగో నింపాను. చివర్లో బొమ్మలు చూపించి "బస్సులున్నవి నొక్కండి" అంది. ఆడియో ఆప్షన్ లేదు. పక్కింటి అబ్బాయిని పిలుచుకొచ్చేలోపు టైమవుట్ అయిపోయి మొదటికొచ్చింది. వాళ్లకి ఫోన్ చేస్తే "ఎవరినైనా సాయం తీసుకోండి" అన్నారు. నా అప్లికేషన్ దేనికనుకున్నారు? చూపులేనివాళ్లు సొంతంగా కంప్యూటర్ వాడటం నేర్పడానికి!

గట్టుమీద
ఇది నేను రాసుంటే అతిశయోక్తి అనేవాళ్లు.

లెక్కలపుస్తకం
ఇక అసలు విషయానికొస్తా. మాటలబడి గారి బడ్జెట్‌లోనే ఒక పొరపాటు ఉందని నా అనుమానం. టీచర్ల జీతాలు ఏ పద్దు కింద రాశారు? "పరిపాలనా ఖర్చులు" కింద అయితే అక్కడే దెబ్బ తిన్నారు. ఆఫీసు అద్దె, ఆడిట్ ఫీజు, అకౌంటెంటు... ఇవి పరిపాలన. పిల్లలకు పాఠం చెప్పే టీచరు, చెవి పరీక్ష చేసే ఆడియాలజిస్టు కార్యక్రమం ఖర్చు. మీ పనే వాళ్లు కదా, ఇంకెవరు? చాలామంది చిన్న సంస్థలవాళ్లు జీతం అన్న మాట కనపడగానే అంతా ఒకే మూటగట్టి పరిపాలనలో పడేస్తారు. పరిపాలన మీద పరిమితి చాలాచోట్ల ఉంటుంది. ఇండియాలో విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించినప్పుడు ఆ పరిమితి 50 శాతం నుంచి 20కి దించారు. కొన్ని ఫౌండేషన్లు సొంతంగా ఇంకా తక్కువ పెట్టుకుంటాయి.

ఇంకోటి. అప్లికేషన్ పెట్టేముందు వాళ్లు ఇదివరకు ఎవరికి ఎంతిచ్చారో చూడండి. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్లయితే ఏటా ఫారం 990-పీఎఫ్ అనే పన్ను రిటర్ను దాఖలు చేయాలి, ఇచ్చిన ప్రతి గ్రాంటూ అందులో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. పెట్టుబడుల విలువలో సుమారు 5 శాతం ఏటా పంచాలని కూడా అక్కడ రూలు. అందులో జీతాలకు ఇచ్చిన దాఖలా ఒక్కటి కనపడినా "మీరు ఫలానావాళ్లకి ఇచ్చారు కదా" అని అడగొచ్చు.

గట్టుమీద
సులువైన దారి చెప్తా. టీచరు జీతాన్ని "చెవి మిషన్ల వార్షిక సర్వీసు, మానవ విడిభాగాలతో సహా" అని రాసేయండి.

స్వరం
నవ్వుతున్నారు గానీ ఇలా రాసేవాళ్లున్నారు. మా పాత సంస్థలో నన్ను మూడేళ్లు "పరికరాల నిర్వహణ" కింద చూపించారు. నేనే పరికరాన్నో, నిర్వహణనో ఇప్పటికీ తేలలేదు.

పాతఫైలు
దయచేసి అలా రాయకండి. దొరికితే మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేరు. దొరక్కపోతే ఇంకా నష్టం, జీతాలు అక్కర్లేకుండానే పని నడుస్తోందని ట్రస్టీలు నమ్మేస్తారు. తర్వాత వచ్చేవాళ్ల దారిలో మీరు ముళ్లు వేసినట్టే.

ఫారం నింపేముందు ఫోన్ చేయండి. "ఈ మూడు గడుల్లో మాది ఏదో తెలియడం లేదు, పది నిమిషాలు మాట్లాడొచ్చా" అనండి. నేనున్నప్పుడు అలా అడిగినవాళ్లు బహు తక్కువ. అడిగినవాళ్ల ఒక పేజీ నేను శ్రద్ధగా రాసేవాణ్ణి. అన్యాయమే, కానీ జరిగేది చెప్తున్నా.

రెండుచక్రాలు
ఫోన్ చేయలేని సైగలోకం లాంటివాళ్లు?

పాతఫైలు
...సరే. మెయిల్ కూడా చేయొచ్చు. ఈ ప్రశ్న నాకు తొమ్మిదేళ్లలో తట్టలేదు.

మూడోతరం
మాటలబడి గారూ, మా ఫౌండేషన్ మీకు ఇచ్చింది కాదని గట్టిగా అనుకుంటున్నాను, అయినా రాత్రి మా స్టాకు లిస్టు తీసి చూశాను. పోయినేడు మేమూ మిషన్లే ఇచ్చాం. అచ్చులు అన్న పద్దు ఎక్కడా లేదు. వచ్చే మీటింగులో బాబాయిని అడుగుతా. మీ పెన్సిల్ బాక్సు సంగతి చెప్పొచ్చా? పేర్లు లేకుండా.

మాటలబడి
చెప్పండి. కావాలంటే ఆ కూత రికార్డు చేసి పంపిస్తా, మీటింగులో వినిపించండి.

ఇక్కడి సలహాలతో కొంత జరిగింది. పాత బడ్జెట్ తీసి చూస్తే లెక్కలపుస్తకం గారి అనుమానం నిజమే, రెండు జీతాలూ ఆడిట్ ఫీజు పక్కనే పరిపాలనలో ఉన్నాయి. రాసింది నేనే. మార్చాను. సైగలోకం గారి మాట విని ఆ అమ్మాయి జీతం మూడో టీచరుగా చేర్చాను, మొదటి వరసలో. నిన్న ఫౌండేషన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎత్తినావిడ మర్యాదగానే మాట్లాడింది. రెండు పేజీల ఉత్తరం పంపమంది, మిగిలిన ఆరు మిషన్లు పక్క సెంటరుకి ఇవ్వడానికి మెయిల్లో అనుమతి ఇస్తానంది. ఇంకా రాలేదు.

ఒక్క అనుమానం మిగిలింది. అచ్చులు ఏ గడిలో రాయాలి? ఆరోగ్యమా, విద్యా?

లెక్కలపుస్తకం
ఎందులోనైనా రాయండి. రెండింట్లోనూ మాత్రం రాయకండి, ఆడిట్‌లో నేనే పట్టుకుంటా.

సైగలోకం
ఆ అమ్మాయి చేరితే నాకు చెప్పండి. పిల్లలకు సైగల్లో కథలు చెప్పడానికి ఒక శనివారం వస్తాను. దానికి గ్రాంటు అక్కర్లేదు, టీ చాలు.

గట్టుమీద
టీ పరిపాలనా ఖర్చు.